మెమొరీ కార్డు నుంచి కంప్యూటర్‌కు ఫైళ్ల బదిలీ మందగిస్తే: లోపాన్ని గుర్తించే క్రమం

జంషెడ్‌పూర్: జార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్ ఏటా మార్చి 3న వ్యవస్థాపక దినోత్సవాన్ని జరుపుకొంటుంది. 1839లో అదే తేదీన జన్మించిన జంషెట్‌జీ టాటా స్మృత్యర్థం జూబిలీ పార్కును విద్యుద్దీపాలతో అలంకరిస్తారు. ఆ వెలుగులను బంధించేందుకు వచ్చే ఛాయాచిత్రకారుల కెమెరాల్లో ఒక్క సాయంత్రానికే కార్డులు నిండిపోతాయి. సమీపంలోని సరాయికేలాలో చైత్ర పర్వం సందర్భంగా ప్రదర్శించే ఛౌ నృత్యాన్ని చిత్రీకరించేవారిదీ, నగరంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పెళ్లిళ్లను చిత్రీకరించేవారిదీ ఇదే పరిస్థితి. వేడుక ముగిసిన తర్వాత అసలు నిరీక్షణ మొదలవుతుంది. కార్డును కంప్యూటర్‌కు తగిలిస్తే, పది నిమిషాల్లో ముగియవలసిన బదిలీకి తెరపై రెండు గంటల సమయం కనిపిస్తుంది.

ఇది కేవలం ఓపికకు సంబంధించిన విషయం కాదు. తెల్లవారుజామున మరో ముహూర్తం ఉంటే అదే కార్డు మళ్లీ కావాలి. తొందరలో బదిలీ మధ్యలోనే కార్డును బయటకు లాగడం, సరిచూడకుండానే ఫార్మాట్ చేయడం వంటి పొరపాట్లు ఇలాంటి వేళల్లోనే జరుగుతాయి. తాళి కట్టిన క్షణాన్ని మళ్లీ చిత్రీకరించే వీలు ఉండదు. అందువల్ల మందగింపునకు కారణాన్ని ఊహించి కాకుండా, ఒక క్రమంలో పరీక్షించి తెలుసుకోవడం అవసరం.

అసలు సూత్రం

ఉక్కు కర్మాగారంలో కొలిమి ఎంత వేగంగా పనిచేసినా, రోలింగ్ మిల్లు నెమ్మదిగా నడిస్తే బయటకు వచ్చే ఉత్పత్తి మిల్లు వేగానికే పరిమితమవుతుంది. ఫైళ్ల బదిలీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కార్డు, కార్డు రీడర్, యూఎస్‌బీ తీగ, కంప్యూటర్ పోర్టు, ఆపరేటింగ్ సిస్టమ్, ఫైళ్లు చేరే డిస్కు అనే ఆరు అంచెలను దాటితేనే బదిలీ పూర్తవుతుంది. వీటిలో అన్నిటికన్నా నెమ్మదైన అంచె మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతా ఐదింటిని ఎంత ఖరీదైనవాటితో మార్చినా ఫలితం ఉండదు. కాబట్టి ఒకసారి ఒక అంచెను మాత్రమే మార్చి చూడాలి. రెండింటిని ఒకేసారి మారిస్తే లోపం దేనిదో తెలియదు.

ఎంత వేగాన్ని ఆశించవచ్చు?

మందగింపు ఉన్నదని నిర్ధారించాలంటే ముందుగా సహజమైన వేగం ఎంతో తెలియాలి. ఇక్కడ కొలమానాల విషయంలో తికమక సర్వసాధారణం. పోర్టులు, తీగల వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. కార్డుల వేగాన్ని, తెరపై కనిపించే బదిలీ వేగాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 ప్రమాణం వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే లెక్క ప్రకారం 60 మెగాబైట్లు. ఆచరణలో 30 నుంచి 40 మెగాబైట్ల మధ్యనే లభిస్తుంది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు. సాధారణ కార్డులకు ఇది అవసరానికి మించిన సామర్థ్యమే.

64 గిగాబైట్ల కార్డు నిండుగా ఉన్నదనుకుంటే, సెకనుకు 90 మెగాబైట్ల వేగంతో సుమారు 12 నిమిషాల్లో ఖాళీ చేయవచ్చు. యూఎస్‌బీ 2.0 మార్గంలో 35 మెగాబైట్ల వేగంతో అరగంట పడుతుంది. 12 మెగాబైట్లకు పడిపోతే గంటన్నర అవుతుంది. సెకనుకు ఒక్క మెగాబైటు మాత్రమే కదులుతుంటే దాదాపు 18 గంటలు కావాలి. మొదటి మూడూ పరికరాల పరిమితిని సూచిస్తాయి. చివరిది మాత్రం ప్రమాద సూచన కావచ్చు.

కార్డుపై ఉన్న గుర్తుల భాష

ఎస్‌డీ కార్డును 1999లో శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా సంస్థలు సంయుక్తంగా రూపొందించాయి. ఆ తర్వాత ప్రమాణాలు పలుమార్లు మారాయి. 2 గిగాబైట్ల వరకు ఉన్నవి ఎస్‌డీ, 32 వరకు ఉన్నవి ఎస్‌డీహెచ్‌సీ, 2 టెరాబైట్ల వరకు ఉన్నవి ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు. ఇవి సామర్థ్యాన్ని తెలిపే పేర్లే తప్ప వేగాన్ని తెలిపేవి కావు.

వృత్తంలో 10, ఆంగ్ల అక్షరం యూలో 1 లేదా 3, వీ30, వీ60, వీ90 వంటి గుర్తులు వేగానికి సంబంధించినవే. అయితే అవి కార్డుపై రాసే కనీస వేగాన్ని తెలుపుతాయి. క్లాస్ 10, యూ1 గుర్తులకు సెకనుకు 10 మెగాబైట్లు, యూ3, వీ30 గుర్తులకు 30, వీ90 గుర్తుకు 90 మెగాబైట్లు కనీస హామీ. వీడియో చిత్రీకరణ మధ్యలో ఆగకుండా ఉండేందుకు ఉద్దేశించిన హామీ ఇది. కార్డు నుంచి కంప్యూటర్‌కు చదివే వేగాన్ని ఈ గుర్తులు చెప్పవు.

చదివే వేగానికి హద్దు గీసేది కార్డుపై రోమన్ అంకెలో ఉండే ఒకటి లేదా రెండు. ఒకటి ఉంటే యూహెచ్‌ఎస్-1. దాని గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు, ఆచరణలో 90 చుట్టూ ఉంటుంది. రెండు ఉంటే యూహెచ్‌ఎస్-2. గరిష్ఠం 312 మెగాబైట్లు. యూహెచ్‌ఎస్-2 కార్డు వెనుక లోహపు స్పర్శ బిందువులు రెండు వరుసల్లో ఉంటాయి. ఈ కార్డును పాత రీడర్‌లో పెడితే రెండో వరుస ఉపయోగపడదు. కార్డు పనిచేస్తుంది కానీ యూహెచ్‌ఎస్-1 వేగానికే పరిమితమవుతుంది. వేలాది రూపాయలు వెచ్చించి కార్డు కొని, పాత రీడర్‌ను కొనసాగించేవారికి ఎదురయ్యే నిరాశకు మూలం ఇదే.

కొన్ని యూహెచ్‌ఎస్-1 కార్డులపై 170 లేదా 200 మెగాబైట్ల వేగం ముద్రించి ఉంటుంది. ప్రమాణాన్ని మించిన ఆ వేగం తయారీదారు సొంత పద్ధతితో సాధించినది. దానికి అనువైన రీడర్ ఉంటేనే లభిస్తుంది. మామూలు రీడర్‌లో 90 మెగాబైట్లే వస్తే కార్డు లోపభూయిష్ఠమని భావించనవసరం లేదు.

రీడర్, తీగ, పోర్టు

వేగం కచ్చితంగా 30 నుంచి 40 మెగాబైట్ల మధ్య నిలకడగా ఉంటే, మార్గంలో ఎక్కడో యూఎస్‌బీ 2.0 అంచె ఉన్నదని దాదాపుగా నిర్ణయించవచ్చు. అది రీడర్ కావచ్చు, పోర్టు కావచ్చు, తీగ కావచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అంతర్గతంగా ఉండే కార్డు గాడి సైతం లోపల యూఎస్‌బీ 2.0 మార్గానికే కలిపి ఉంటుంది. అటువంటప్పుడు వెలుపలి యూఎస్‌బీ 3.0 రీడర్ ఒక్కటే మార్గం.

నీలిరంగు నాలుక ఉన్న పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3.0 అని గుర్తు. అయితే అన్ని తయారీ సంస్థలూ ఈ రంగును పాటించవు. టైప్-సీ ఆకారం వేగానికి హామీ కాదు. ఫోన్ చార్జర్‌తో వచ్చే టైప్-సీ తీగల్లో చాలావరకు యూఎస్‌బీ 2.0 వేగానికే పరిమితమైనవి. యూఎస్‌బీ హబ్ ద్వారా కాకుండా నేరుగా పోర్టుకు కలపడం, డెస్క్‌టాప్ అయితే ముందుభాగపు పోర్టుకు బదులు వెనుక ఉన్న మదర్‌బోర్డు పోర్టును వాడటం మేలు.

యూఎస్‌బీ 3.0 రీడర్‌ను పోర్టులో మెల్లగా లేదా సగం వరకే గుచ్చితే, ముందువరుస బిందువులే తగిలి అది యూఎస్‌బీ 2.0గా గుర్తింపు పొందే అవకాశం ఉంది. తీసి, ఒకేసారి పూర్తిగా గుచ్చితే ఈ ఇబ్బంది తొలగుతుంది. ఏ వేగంతో అనుసంధానమైందో తెలుసుకునే వీలూ ఉంది. మ్యాక్ కంప్యూటర్లలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని యూఎస్‌బీ విభాగం 480 మెగాబిట్లా, 5 గిగాబిట్లా అన్నది చూపుతుంది. విండోస్‌లో పరికరం ఇంకా వేగంగా పనిచేయగలదన్న సూచన వస్తే తప్పు పోర్టులో పెట్టారని అర్థం.

కెమెరాను నేరుగా తీగతో కలిపి ఫైళ్లను తీసుకోవడం అలవాటైనవారు చాలామంది. అనేక కెమెరాల్లో ఆ మార్గం రీడర్ కన్నా నెమ్మది. బదిలీ మధ్యలో బ్యాటరీ అయిపోతే అంతరాయం తప్పదు. ఫోన్‌లో ఉన్న మైక్రో ఎస్‌డీ కార్డుకూ ఇదే వర్తిస్తుంది. కార్డును తీసి రీడర్‌లో పెట్టడమే ఉత్తమం.

మైక్రో ఎస్‌డీ కార్డును పెద్ద కార్డు ఆకారంలోకి మార్చే అడాప్టర్ కూడా అనుమానించదగినదే. దాని స్పర్శ సరిగా లేకపోతే కార్డు పాత పద్ధతికి, అంటే సెకనుకు 25 మెగాబైట్ల గరిష్ఠానికి, దిగజారవచ్చు. ధూళి, వర్షాకాలపు తేమ, చేతి జిడ్డు వల్ల కూడా స్పర్శ దెబ్బతింటుంది. కార్డు బిందువులను పొడి మెత్తని వస్త్రంతో తుడవాలి. అవసరమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను స్వల్పంగా వాడి, పూర్తిగా ఆరిన తర్వాతే గాడిలో పెట్టాలి.

ఫైళ్లు చేరే చోటు

కార్డునే నిందించి, గమ్యాన్ని మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ల్యాప్‌టాప్‌లోని పాత హార్డ్ డిస్కు సెకనుకు సుమారు వంద మెగాబైట్ల వరకే రాయగలదు. అదే సమయంలో మరో ప్రోగ్రామ్ దానిని వాడుతుంటే, లేదా డిస్కు దాదాపు నిండి ఉంటే, వేగం ఇంకా పడిపోతుంది. చవక ఎస్‌ఎస్‌డీలలో మరో లక్షణం ఉంటుంది. వాటిలోని వేగవంతమైన తాత్కాలిక భాగం నిండేవరకు బదిలీ జోరుగా సాగి, ఆ తర్వాత ఒక్కసారిగా మందగిస్తుంది. కార్డులోని ఫైళ్లను నేరుగా వెలుపలి హార్డ్ డిస్కుకు పంపేటప్పుడు, రీడర్, డిస్కు రెండూ ఒకే హబ్‌పై ఉంటే ఆ మార్గాన్ని అవి పంచుకోవలసి వస్తుంది.

ఈ అంశాన్ని పరీక్షించడం సులభం. కంప్యూటర్‌లోనే ఉన్న ఒక పెద్ద ఫైలును అదే డిస్కులో మరో ఫోల్డర్‌కు నకలు చేయాలి. అది కూడా నెమ్మదిగా సాగితే లోపం కార్డుది కాదు.

చిన్న ఫైళ్లు, యాంటీవైరస్

సెకనుకు 100 మెగాబిట్ల రేటుతో 4కే వీడియో తీస్తే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. ఆ వీడియో కొద్ది పెద్ద ఫైళ్లుగా ఉంటుంది కనుక బదిలీ నిలకడగా సాగుతుంది. అదే 45 గిగాబైట్లు వేలాది చిన్న ఫొటోలుగా ఉంటే ఎక్కువ సమయం పడుతుంది. ఒక్కో ఫైలుకు పేరు, తేదీ, స్థానం నమోదు చేయడం, తెరవడం, మూసివేయడం వంటి అదనపు పనులు ఉండటమే దీనికి కారణం. యాంటీవైరస్ ప్రోగ్రామ్ ప్రతి ఫైలునూ తనిఖీ చేస్తే ఈ భారం పెరుగుతుంది. అలాగని రక్షణను పూర్తిగా ఆపివేయడం సమర్థనీయం కాదు. అపరిచితుల కార్డులకు, పలువురి చేతులు మారే కార్డులకు తనిఖీ తప్పనిసరి.

ఫొటోలను దిగుమతి చేసే సాఫ్ట్‌వేర్లు నకలు తీయడంతో పాటు ప్రతి చిత్రానికీ ముందస్తు రూపాన్ని తయారు చేస్తాయి. అప్పుడు కనిపించే ఆలస్యం కార్డుది కాదు, కంప్యూటర్ ప్రాసెసర్‌ది. ముందుగా ఫోల్డర్‌ను యథాతథంగా నకలు చేసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే కార్డు త్వరగా ఖాళీ అవుతుంది.

ఫలితం ఇవ్వని చిట్కాలు

విండోస్‌లో తొలగింపు విధానాన్ని మెరుగైన పనితీరుకు మార్చాలన్న సలహా విరివిగా వినిపిస్తుంది. ఆ అమరిక ప్రధానంగా కార్డుపై రాసే వేగానికి సంబంధించినది. కార్డు నుంచి చదివేటప్పుడు దానితో ప్రయోజనం దాదాపు ఉండదు. కార్డును ఫార్మాట్ చేస్తే వేగం పెరుగుతుందన్నది మరో సలహా. ఫార్మాట్ చేస్తే ముందుగా పోయేది కార్డులోని ఫైళ్లే. అన్నీ భద్రపరచిన తర్వాత, తదుపరి చిత్రీకరణకు ముందు కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మంచి అలవాటు. ఎదురుగా ఉన్న మందగింపునకు మాత్రం అది పరిష్కారం కాదు.

గీత చెప్పే నిజం

విండోస్ 8 నుంచి నకలు పెట్టెలో మరిన్ని వివరాలు అన్న మీటను నొక్కితే వేగాన్ని చూపే గ్రాఫ్ కనిపిస్తుంది. ఆ గీత ఆకారమే లోపాన్ని చాలావరకు బయటపెడుతుంది.

గీత ఒకే ఎత్తులో సమతలంగా సాగితే అది పరికరపు పరిమితి. 35 దగ్గర ఉంటే యూఎస్‌బీ 2.0 అంచె, 20 చుట్టూ ఉంటే పాత పద్ధతిలో నడుస్తున్న కార్డు లేదా రీడర్, 90 వద్ద ఉంటే యూహెచ్‌ఎస్-1 హద్దు. మొదట ఎత్తుగా ఉండి, కొంతసేపటికి పడిపోయి అక్కడే నిలిస్తే గమ్యస్థానపు డిస్కును అనుమానించాలి. రంపపు పళ్ల వలె పైకీ కిందికీ ఊగుతుంటే చిన్న ఫైళ్లు లేదా యాంటీవైరస్ ప్రభావం. గీత సున్నాకు పడిపోయి, కొన్ని సెకన్లు కదలక, మళ్లీ లేచి, మళ్లీ పడిపోతుంటే మాత్రం జాగ్రత్తపడాలి. కార్డులోని కొన్ని భాగాలను చదవలేక రీడర్ పదేపదే ప్రయత్నిస్తున్నదని దానికి అర్థం కావచ్చు.

మందగింపే హెచ్చరిక అయినప్పుడు

మెమొరీ కార్డులోని ఫ్లాష్ చిప్పు సమాచారాన్ని అతి సూక్ష్మమైన గదుల్లో విద్యుదావేశ రూపంలో నిలుపుతుంది. 1980లలో తోషిబా సంస్థలో ఫుజియో మసుయోకా రూపొందించిన ఈ సాంకేతికతకు ఒక సహజ పరిమితి ఉంది. పదేపదే రాసి చెరిపేకొద్దీ గదులు అరుగుతాయి. దీర్ఘకాలం కదిలించకుండా ఉంచితే ఆవేశం క్షీణిస్తుంది. అప్పుడు కార్డులోని నియంత్రణ చిప్పు దోషాలను సరిదిద్దుతూ ఒకే భాగాన్ని పలుమార్లు చదవవలసి వస్తుంది. వెలుపల కనిపించేది మందగింపు మాత్రమే. 2014లో శాంసంగ్ 840 ఈవో ఎస్‌ఎస్‌డీలలో చాలాకాలం క్రితం రాసిన ఫైళ్లు మాత్రమే నెమ్మదిగా తెరుచుకోవడం గమనించారు. ఆ సంస్థ దానిని అంగీకరించి సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. పాత ఫైళ్లు నెమ్మదించి, కొత్తవి వేగంగా వస్తుంటే ఇదే స్వభావాన్ని అనుమానించవచ్చు.

ఇలాంటి లక్షణాలు కనిపిస్తే వేగం గురించిన ఆలోచన మాని, భద్రతను చూడాలి. కార్డుపై కొత్తగా ఏమీ రాయకూడదు. పెద్ద ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపాలి. కట్, పేస్ట్ పద్ధతిని వాడకుండా నకలు మాత్రమే తీయాలి. అతి ముఖ్యమైన ఫైళ్లను ముందుగా, చిన్న భాగాలుగా తీసుకోవాలి. డిస్కు మరమ్మతు ఆదేశాలు కార్డులోని అమరికను మార్చివేస్తాయి కనుక నకలు పూర్తికాకముందు వాటిని నడపరాదు. సాధారణ పద్ధతి విఫలమైతే, చదవగలిగిన భాగాలను ముందుగా తీసుకుని చెడిన భాగాలను చివరకు వదిలే డీడీరెస్క్యూ, చెరిగిన చిత్రాలను వెలికితీసే ఫొటోరెక్ వంటి ఉచిత ఉపకరణాలు ఉన్నాయి. వాటి ఫలితాలను అదే కార్డులో కాక మరో డిస్కులో భద్రపరచాలి. చిత్రాలు అమూల్యమైనవైతే సొంత ప్రయోగాలు ఆపి నిపుణులకు అప్పగించడమే వివేకం. ఫైళ్లు బయటపడిన తర్వాత కూడా ఆ కార్డును మళ్లీ వేడుకలకు వాడకూడదు.

నకిలీ కార్డుల బెడద

పేరున్న సంస్థ ముద్ర, తక్కువ ధర, పెద్ద సామర్థ్యం కలిసి కనిపిస్తే అనుమానించాలి. కొన్ని నకిలీ కార్డులు 128 గిగాబైట్లుగా తమను తాము చూపుకొంటాయి. లోపల ఉన్న చిప్పు అందులో కొద్దిభాగమే నిల్వ చేయగలదు. హద్దు దాటిన ఫైళ్లు పేర్లకే మిగిలి తెరుచుకోవు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ఉపకరణాలు కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివి, అసలు సామర్థ్యాన్నీ వేగాన్నీ తెలుపుతాయి. కొత్త కార్డును కెమెరాలో పెట్టకముందే ఈ పరీక్ష చేయాలి. విలువైన ఫైళ్లున్న కార్డుపై చేయరాదు.

పరీక్షల వరుస

మందగింపు ఎదురైనప్పుడు ఈ వరుసను పాటిస్తే పది నిమిషాల్లో కారణం తేలుతుంది. మొదట ఒక పెద్ద వీడియో ఫైలును మాత్రమే నకలు చేసి, గీత ఆకారాన్ని, వేగాన్ని గమనించాలి. అది వేగంగా వచ్చి ఫొటోలు నెమ్మదిస్తే సమస్య చిన్న ఫైళ్లది. అది కూడా నెమ్మదిస్తే రీడర్‌ను మరో పోర్టుకు, హబ్ లేకుండా, మార్చాలి. మార్పు లేకపోతే అదే రీడర్‌లో మరో కార్డు పెట్టి చూడాలి. రెండో కార్డు వేగంగా వస్తే లోపం మొదటి కార్డుది. రెండూ నెమ్మదిస్తే మరో రీడర్ ప్రయత్నించాలి. అప్పటికీ మారకపోతే గమ్యస్థానపు డిస్కును మార్చాలి. చివరిగా కార్డును, రీడర్‌ను మరో కంప్యూటర్‌కు కలిపి చూడాలి. గీత సున్నాకు పడి లేస్తున్న కార్డు విషయంలో మాత్రం ఈ పరీక్షలన్నిటికన్నా ముందు ఫైళ్లను కాపాడుకోవాలి.

కార్డును ఖాళీ చేసే ముందు

బదిలీ ముగిసిందన్న సందేశం కనిపించినంత మాత్రాన పని పూర్తికాదు. కార్డులోని, కంప్యూటర్‌లోని ఫోల్డర్ల ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోల్చాలి. ప్రారంభంలో, మధ్యలో, చివర ఉన్న కొన్ని ఫైళ్లను తెరిచి చూడాలి. కార్డును సురక్షితంగా తొలగించే ఆదేశం ఇచ్చిన తర్వాతే బయటకు తీయాలి. అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. తెల్లవారితే మరో పని ఉన్నవారికి అంత వెసులుబాటు లేకపోయినా, రెండు వేర్వేరు డిస్కుల్లో ప్రతులు సరిచూసుకునేవరకు కార్డును చెరపకుండా ఉండటం కనీస నియమం. అందుకు చేరువలోని మార్గం రెండో కార్డును సిద్ధంగా ఉంచుకోవడం. మరుసటి ఉదయపు చిత్రీకరణకు అది ఉంటే, నెమ్మదిగా సాగే బదిలీని రాత్రంతా పూర్తికానివ్వవచ్చు.